ఇంటికి తాళం వేసే ముందు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్ళు పడుతుంది. అంతవరకు కడుపు ఆగదు. పని వెదుక్కుంటూ విశాఖకో, చెన్నైకో పోయినవారిని తప్పుపట్టడానికి వీల్లేదు.

అయితే ఒకరు పోవడం వేరు, ఇంటిల్లిపాదీ పోవడం వేరు. పట్నంలో కూలి ఎక్కువన్న మాట నిజమే. కాని ఇంటద్దె, అడ్వాన్సు, కరివేపాకు సైతం కొనుక్కునే ఖర్చు పోగా మిగిలేది ఎంత? ఊళ్ళో ముసలివారికి దిక్కెవరు? ఈ లెక్క ఇల్లు నడిపే ఇల్లాలితో కలిసి వేయాలి. ఆమెను అడగకుండానే టిక్కెట్లు తీసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

ముందు సంపాదించేవారు వెళ్ళి మూడు నాలుగు నెలలు నిలదొక్కుకోవాలి. బడులు మూసిన తర్వాత వేసవిలో తక్కినవారు వెళ్ళడం మేలు. నడుమ కదలక తప్పకపోయినా చదువు ఆపనక్కరలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం, ఎనిమిదో తరగతి వరకు, టి.సి. ఆలస్యమైందన్న సాకుతో ప్రభుత్వ బడి పిల్లలను చేర్చుకోకుండా ఉండరాదు. రేషన్ బియ్యం విశాఖలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఈ సంగతులు వెళ్ళేవారికి ముందుగా చెప్పవలసిన బాధ్యత గ్రామ అధికారులది.

ఇక భూమి. అమ్ముకుని వెళితే తిరిగి రావడానికి చోటుండదు. కౌలుకిచ్చి వెళ్ళడమే వివేకం. పట్నం కలిసిరాకపోతే ఆదుకునేది ఆ చెక్కే.