అగ్నిదళము – ఇరుగుపొరుగు ధర్మము

‘ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు’ అను సామెత మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. పరీక్షకు ముందురాత్రి పుస్తకము తెరచిన విద్యార్థిని చూచి మేమును ఆ మాటనే అనుచుందుము. ఆ సామెతను దాని అసలు అర్థములోనే గ్రహించి, నిప్పు అంటుకొనకముందే బావిని సిద్ధపరచుకొన్న ఒక చిన్న పట్టణపు చరిత్రను విద్యార్థి మిత్రుల యెదుట, పాలకవర్గపు పెద్దల యెదుట ఉంచవలెనని మా కోరిక. ఆ చరిత్రలో మెచ్చుకొనదగిన భాగమును, సిగ్గుపడదగిన భాగమును కూడ కలవు. ఆ రెండును మనకు అవసరమేనని మా అభిప్రాయము.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నేడు మహానగరము. 1730 ప్రాంతమున అది ఓడరేవు చుట్టును పెరుగుచున్న చిన్న పట్టణము మాత్రమే. అక్కడ ముద్రణాలయము నడుపుచుండిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1735లో తన ‘పెన్సిల్వేనియా గెజెట్’ పత్రికలో అగ్నిప్రమాదములను గూర్చి ఒక లేఖ ప్రకటించినాడు. మండుచున్న బొగ్గులను పారలో పెట్టుకొని గదినుండి గదికి మోసుకొనిపోవు అలవాటును మానుమనినాడు. పొగగొట్టములను సరిగా శుభ్రము చేయించవలెననినాడు. మంటలార్పుటకు పట్టణములో మనుష్యులకుగాని సద్బుద్ధికిగాని కొరత లేదు, కొరతయల్ల క్రమపద్ధతికేనని అతని వాదము.

ఆ వాదము కాగితముమీదనే నిలిచిపోలేదు. 1736 డిసెంబరు 7న ‘యూనియన్ ఫైర్ కంపెనీ’ అను స్వచ్ఛంద దళము ఏర్పడినది. త్వరలోనే ముప్పదిమంది చేరిరని ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో వ్రాసినాడు. ఎవరికిని జీతము లేదు. ప్రతి సభ్యుడును తన యింట తోలు బాల్చీలను, సామాను దాటించుటకు గట్టి సంచులను ఎల్లప్పుడు సిద్ధముగా ఉంచుకొనవలెను. ప్రమాదవేళ కొందరు మంటలార్పవలెను, కొందరు వీధిలో చేరిన సామానును దొంగలనుండి కాపాడవలెను. నెలకొకసారి సమావేశము. రానివారికి జరిమానా. ఆ జరిమానా సొమ్ముతోనే పంపు యంత్రములు, నిచ్చెనలు, కొక్కెములు కొనబడినవి. చేరగోరువారు ఎక్కువైనప్పుడు వేరొక దళమును స్థాపించుకొమ్మనిరి. ఆ విధముగా ఒకటి పదియై, పట్టణమంతయు దళములతో నిండినది. ఉత్సాహమువలన కాక, పని ముందుగానే పంచబడియుండుటవలన ఈ ఫలితము కలిగినదని మనము గుర్తింపవలెను.

ఇక రెండవ భాగము. 1818లో ఆ నగరపు స్వతంత్ర నల్లజాతివారు తామును ఒక అగ్నిదళమును నెలకొల్పబూనినారు. అప్పటికే ఉన్న తెల్లవారి దళములు అభ్యంతరము చెప్పినవి. ఆ ప్రయత్నము మొలకలోనే ఆగిపోయినది. ఇరువది సంవత్సరములకు, 1838 మే 14న, బానిసత్వ నిర్మూలనవాదుల సభలకై ‘పెన్సిల్వేనియా హాల్’ అను గొప్ప భవనము ప్రారంభమైనది. మూడు రోజులకే, మే 17 రాత్రి, అల్లరిమూక దానికి నిప్పు పెట్టినది. అగ్నిదళములు వచ్చినవి. చుట్టుప్రక్కల భవనములపై నీరు చల్లినవి, హాలును మాత్రము కాలిపోనిచ్చినవి. బాల్చీలకు కొరత లేదు, నీటికి కొరత లేదు, ఫ్రాంక్లిన్ కోరిన క్రమపద్ధతికిని కొరత లేదు. కాలుచున్నది తమవారి యిల్లు కాదు, అంతే. మరునాటి రాత్రి మూక నల్లజాతి అనాథ బాలల ఆశ్రయముపై పడినప్పుడు, అదే నగరములోని ఒక దళము ముందుకు వచ్చి దానిని కాపాడినదన్న మాటయు ఇచట చెప్పుట న్యాయము.

తరువాతి కాలమున ఆ దళములు పంతములకు పోయి వీధులలో కొట్లాడుకొనసాగినవి. తుదకు 1871లో నగరము జీతములిచ్చు అగ్నిమాపక శాఖను ఏర్పరచినది. అయినను ఆ దేశపు పల్లెలలో, చిన్న ఊళ్లలో స్వచ్ఛంద దళములు నేటికిని కలవు. అమెరికా అగ్నిమాపకులలో సుమారు మూడింట రెండువంతులు స్వచ్ఛంద సేవకులే.

ఉర్దూలో పొరుగువానిని ‘హమ్‌సాయా’ అందురు. ఒకే నీడను పంచుకొనువాడని ఆ మాటకు అర్థము. నీడను పంచుకొనుట సులభము, నిప్పును పంచుకొనుటయే పరీక్ష. తెలుగులో మరొక సామెత కలదు: ‘ఇల్లు కాలి ఒకడేడ్చుచుండ, చుట్టకు నిప్పడిగినాడట ఇంకొకడు’. 1838 మే 17 రాత్రి చేతిలో గొట్టము పట్టుకొని ఊరక నిలిచినవారికిని, ఈ చుట్టవానికిని భేదమేమి? అల్పసంఖ్యాకుల కళాశాలలో చదువుకొను మనకు ఈ ప్రశ్న విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఇతరులు మనపట్ల ఎట్లుండవలెనని కోరుచున్నామో, మన వీధిలోని ప్రతి యింటిపట్ల మనమట్లే ఉండవలెను.

కనుక పాలకవర్గమునకు మా విన్నపము. మన కళాశాలలో ముప్పదిమంది విద్యార్థులతో ఒక రక్షణదళమును ఏర్పరచవలెను. అగ్నిమాపక కేంద్రమున్నది గదాయని కొందరనవచ్చును. ఉన్నది, దానికి మారుగా మేము దీనిని కోరుటలేదు. బండి వచ్చులోపలి మొదటి నిమిషములు ఎవరివి అన్నదే మా ప్రశ్న. 101కు ఫోను చేయువారెవరు? మెయిన్ స్విచ్చి కట్టువారెవరు? గ్రంథాలయపు రెండవ తలుపు తాళపుచెవి ఎవరివద్ద ఉన్నది? కుంభకోణములోని ఒక పాఠశాలలో 2004 జులై 16న వంటశాల నిప్పు తాటాకు కప్పునకు పాకి 94 మంది పిల్లలు మరణించినారు. ఆ సంఖ్యను చదివిన తరువాత ఈ ప్రశ్నలు చిన్నవిగా కనబడవు.

దళమువారు మంటలలోనికి దూకనక్కరలేదు, దూకరాదు కూడ. అది శిక్షణ పొందినవారి పని. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడునకు 66 మంది అగ్నిమాపక సిబ్బంది బలియైనందుననే ఆ దినమును దేశమంతట వారి స్మృత్యర్థము పాటించుచున్నాము. ఆ దినముననే కేంద్రపు సిబ్బందిని ఆహ్వానించి, విద్యుత్తు మంటపై నీరు పోయరాదనుట మొదలుగాగల పాఠములను నేర్చుకొనవచ్చును. ఇసుక బాల్చీలు, నెలకొక హాజరు, రానివారికి చిన్న జరిమానా: ఇంతకన్న వ్యయము లేదు.

ఒక్క నియమమును మాత్రము మొదటి పుటలోనే వ్రాసికొనవలెను. కళాశాల గోడ దాటి ఏ యింటినుండి కేక వినబడినను, ఆ యిల్లు ఎవరిదని అడుగక ముందే మన బాల్చీ కదలవలెను.