పాట ఒకరిది, పగారు ఇంకొకరికి

రాక్ అండ్ రోల్ అనంగనే మన చాళ్ళలో పాతవాళ్ళకు షమ్మీ కపూర్ తల ఊపుడు యాదికొస్తది. 1957లో వచ్చిన ‘ఆశా’ సినిమాలో కిశోర్ కుమార్ పాడిన ‘ఈనా మీనా డీకా’ కూడా ఆ గాలికి వచ్చిందే. అదంతా డబ్బున్న పిల్లల కులుకు అనుకునేవాళ్ళం. మొన్న మనుమడితో చదివించుకుంటే తెలిసింది, ఆ పాట మొదలైంది పత్తిచేలలో. మన చేతికి దారమై వచ్చేది కూడా పత్తే కదా అన్నలారా, అందుకే నాలుగు మాటలు రాస్తున్న.

అమెరికా దక్షిణాన మిసిసిపి నది పక్క భూముల్లో నల్లవాళ్ళు తరతరాలు పత్తి ఏరినారు. మొదట బానిసలుగా, తర్వాత పాలుకు. పనిలో పాడుకున్న పాటలు, ఆదివారం చర్చిలో చప్పట్లతో పాడినవి, అన్నీ కలిసినవి. రోసెట్టా థార్ప్ అనే ఆడమనిషి 1915లో పుట్టిన ఊరి పేరే కాటన్ ప్లాంట్! ఆమె ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకొని దేవుని పాటలు పాడుతుంటే సాంచాల మోత కూడా చిన్నబోవాలె. వీడియో చూడండి, ముఖ్యంగా అక్కలు. తర్వాత పేరొచ్చిన మొగవాళ్ళు చాలామంది ఆమెను విని నేర్చినవాళ్ళే.

చేలు వదిలి పట్నం పోయినవాళ్ళు పాటను కూడా మోసుకపోయినారు. మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరి, పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి పాట. పాళీ దిగి భజనకు పోయిన మనకు ఇది కొత్త కాదు.

అప్పట్లో అక్కడ తెల్లవాళ్ళకు, నల్లవాళ్ళకు బడి వేరు, బస్సులో సీటు వేరు. పాట జరిగే హాల్లో కూడా నడుమ తాడు కట్టేవాళ్ళు. కొన్నిచోట్ల పిల్లలు ఆట పూనకంలో ఆ తాడు దాటి కలిసిపోయినారు. పెద్దలకు అదే భయం. 1956లో బర్మింగ్‌హామ్‌లో నాట్ కింగ్ కోల్ అనే నల్ల గాయకుని మీద స్టేజీ ఎక్కి దాడి చేసినారు. ఆయన పాడేది రాక్ కూడా కాదు, మెత్తటి పాటలు.

ఇగ పగారు సంగతి. ఆర్థర్ క్రుడప్ 1946లో ‘దట్స్ ఆల్ రైట్’ రికార్డు చేసినాడు. 1954లో మెంఫిస్‌లో పంతొమ్మిదేళ్ళ ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు అదే పాట. ఎల్విస్ మంచోడే, క్రుడప్ పేరు బయట చెప్పినాడు. తప్పు లెక్కలు రాసేటోళ్ళది. క్రుడప్ మాత్రం కూలి పనితోనే ఇల్లు గడుపుకున్నాడు.

మా మిల్లులో బద్లీ మనిషి నేసిన తాను జాబర్‌కు కావలసినోని పేరున పడేది. చక్ బెర్రీకి అట్లనే అయింది. 1955లో ‘మేబెలీన్’ ఆయన రాసి పాడితే, రాసినవాళ్ళ కింద ఇంకో ఇద్దరి పేర్లు చేరినవి. ఒకాయన అలన్ ఫ్రీడ్, రాక్ అండ్ రోల్ అనే మాటను రేడియోలో ఊరూరికీ చేర్చినాయన. ఆయన మేలు కాదనను, కానీ పాటలో ఒక్క ముక్క రాయలేదు. వచ్చే పైసలు మాత్రం మూడు పాళ్ళు.

ఆ పేర్లు తీసేసి పాట పూర్తిగా చక్ బెర్రీకి దక్కేసరికి 1986 వచ్చింది. క్రుడప్ అయితే 1974లోనే పోయినాడు, రావలసింది చేతికి రాకుండానే.