పాత ఆటపెట్టె, కొత్త లేఖకుడు

పాడుబడిన వీడియోగేమ్ పెట్టెలో చిన్న కంప్యూటరును అమర్చి, ఎమ్యులేటరుతో పాత ఆటలు ఆడించడం "శవాలంకారం" అని ఒక మిత్రులు తీర్పు చెప్పారు. అసలు బోర్డు లేనప్పుడు అది అసలు ఆటే కాదట! భద్రాచలంలో నా పూర్వవిద్యార్థి ఒకడు అటువంటి పెట్టెను పాతసామాన్ల కొట్టునుంచి తెచ్చి బాగుచేశాడు. ఆ తీర్పు వాడి మీదే. తెలుగు పండితుడిగా బ్రతుకంతా పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఈ "అసలు" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది.

నన్నెచోడుని కుమారసంభవాన్ని మనలో ఎందరు తాళపత్రాల మీద చదివారు? మానవల్లి రామకృష్ణకవిగారు వెలికితీసి 1909లో ప్రకటించబట్టి కదా అది మనదాకా వచ్చింది! 1829లో బ్రౌను దొర వేమన పద్యాలను అచ్చొత్తించినప్పుడు ఆకు పోయి కాగితం వచ్చింది, గంటం పోయి సీసపు అక్షరం వచ్చింది. వేమన పోయాడా?

ఎమ్యులేటరు చేసే పనీ అదే. పాత బోర్డులోని చిప్పుల నడకను అది అనుకరిస్తుంది. దానిమీద నడిచే ఆట మాత్రం పాత చిప్పులనుంచి పొల్లుపోకుండా ఎత్తివ్రాసుకొన్న పాఠమే. మన కాపీరైటు చట్టం కూడా కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతుల పంక్తిలోనే కూర్చోబెట్టింది. పండితులు ముక్కు విరవనక్కరలేదు.

ఆ ఆటలన్నీ మహాకావ్యాలని నేననను. బడి ఎగ్గొట్టి ఆడబోయిన పిల్లలను చెవి పట్టుకొని తెచ్చినవాణ్ణే. అయినా ఒక తరం బాల్యం అందులో ఉంది. 1993లో క్యాప్‌కామ్ వారు తెచ్చిన 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'ను మన కుర్రకారు అందులోని ఒక వీరుడి పేరుతో "ముస్తఫా" అనే పిలుచుకొన్నారు. అది ఇంటి టీవీలకు పెట్టుకొనే యంత్రాలకు రానేలేదు. బోర్డులు చస్తే ఆటా చచ్చేదే. అదే సంస్థ తరువాతి బోర్డులు కొన్నింటిలో తాళంచెవి వంటి సంకేతం ఒక బ్యాటరీ మీద ఆధారపడి ఉండేది. బ్యాటరీ అయిపోతే బోర్డుకు నోరు పడిపోయేది. 1997లో 'మేమ్' అనే ఎమ్యులేటరును ఆరంభించిన ఇటలీవాడు నికోలా సాల్మోరియా, మరొకరితో కలిసి, 2007లో ఆ గూఢలిపిని ఛేదించాడు. అసలు యంత్రం మూగబోయినచోట నకలే మాట్లాడింది!

మా గోదావరి ఒడ్డున ఈ మాట మరీ నిజం. భద్రాచలం వద్ద వరద 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. చెక్కపొట్టు పలకలతో చేసిన పెట్టె ఒక్కసారి నీళ్ళు త్రాగితే ఉబ్బి పొరలుగా విడిపోతుంది. నీరు వదిలినదాన్ని చెదలు తింటాయి. ఇక్కడ "అసలు" కోసం భీష్మించుకొని కూర్చుంటే మిగిలేది మట్టి.

అయితే లేఖకునికీ ధర్మముంది. నా శిష్యుడు ముందు బోర్డు చచ్చిందని పరీక్షించి నిశ్చయించుకొన్నాడు. పిక్చర్ ట్యూబు పనిచేస్తూండగా దాన్ని తీయలేదు. 1985నుంచి వాడుకలో ఉన్న జామా పద్ధతి తీగలను ఒక్కటీ కోయలేదు. రేపెవరైనా మంచి బోర్డు తెస్తే అందులోనే తగిలించవచ్చు. అరిగిన స్విచ్చులే మార్చాడు. చచ్చిన బోర్డును చీటీ అంటించి దాచాడు. ఆటలమీద హక్కు పరులది కనుక రూపాయి బిళ్ళ వేసే కంతను మూసేశాడు.

మిత్రులు కోపగించవలసినది మరొకరి మీద. బ్రతికున్న బోర్డును తూకానికమ్మి, పెట్టె ముఖాన్ని రంపంతో కోసి, పలచని టీవీ బిగించి, "వేల ఆటలు" అని అట్ట కట్టి, హోటళ్ళకు అమ్ముకొనే బేరగాడున్నాడే, వాడు లేఖకుడు కాడు. ప్రతి వ్రాసుకొని మాతృకను పొయ్యిలో పెట్టేవాడు! అందులోనూ ఎమ్యులేటరే ఉంటుంది, ఇందులోనూ ఎమ్యులేటరే ఉంటుంది. తప్పు పరికరానిది కాదు, చేతిది.

కనుక నా మనవి ఇది. బ్రతికున్న పెట్టెను ముట్టుకోకండి. చచ్చినదానికి నకలు ప్రాణమైనా పోయండి. ఆ రెండూ చేయక "అసలు, అసలు" అని జపించేవారు, తమ అలమరలోని అచ్చు పుస్తకాలను ముందుగా బయట పారవేసి రావాలి.

స్వస్తి.