హస్తవాసి మీద నెపం

టాటానగర్ తెలుగిళ్లలో ఒక తీర్పు చాలాకాలంగా చెలామణీ అవుతోంది. కెలాతియా, ఆంథూరియం, ఆర్కిడ్ వంటి మొక్కలు ఈ ఊరికి పడవట. మే నెల ఎండలకూ ఫ్యాక్టరీ దుమ్ముకూ నిలవవట. పైగా అవి మహా పెంకివట, హస్తవాసి ఉన్నవాళ్ల చేతిలో తప్ప బతకవట. కద్మా క్వార్టర్లలో పెద్దవాళ్లు ఈ మాట అంటారు, మానగో అపార్ట్‌మెంట్లలో కుర్రవాళ్లు తలూపుతారు. మొక్క వాడిపోగానే పెంచినవాళ్లు తమ చేతినే తిట్టుకుంటారు. నర్సరీవాడు ఇంకో మొక్క అమ్ముకుంటాడు.

ఈ తీర్పు తప్పు. ఎక్కడో చలిదేశాల గదుల కోసం పుట్టిన సలహాలను ఈ ఊరి పన్నెండు నెలలకూ ఒకే తీరుగా అంటగట్టడమే మొక్కల ప్రాణం తీస్తోంది. ఆ సలహాలను ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ముందు ఊరి సంగతి. టాటానగర్ కర్కటరేఖకు కాస్త దిగువన ఉంది, కాబట్టి పటం ప్రకారం ఇదీ ఉష్ణమండలమే. ఉష్ణమండలపు మొక్క ఇక్కడ ఎందుకు పెరగదని ఒకరు వాదిస్తే, ఇంత ఎండలో ఎలా పెరుగుతుందని మరొకరు ఎదురు వాదిస్తారు. ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. కెలాతియా పుట్టిల్లు బ్రెజిల్ వైపు వర్షారణ్యం. అక్కడ పెద్ద చెట్ల నీడలో ఏడాది పొడుగునా వేడీ తేమా పెద్దగా మారవు. ఇక్కడ మేలో 40 డిగ్రీలు దాటిన పొడి గాలి, జూలైలో గోడలు చెమర్చే తేమ, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల దాకా దిగే చలి. కదలకుండా ఒకే మూల కూర్చున్న కుండీ ఏడాదిలో మూడు దేశాల వాతావరణం చూస్తుంది. దానికి "రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్లు" అని ఒకే సూత్రం చెప్పడం కన్నా అన్యాయం ఏముంది?

మొదటిది ఈ నీళ్ల సలహా. అదే గ్లాసుడు నీళ్లు మేలో సాయంత్రానికే చాలవు. జూలైలో అవే నీళ్లు వారం తరవాత కూడా కుండీ అడుగున నిలిచి ఉంటాయి, ఎందుకంటే తేమ నిండిన గాలిలోకి ఆకులు నీటిని వదలలేవు. జనవరిలో చల్లబడిన వేళ్లు చాలా తక్కువ తాగుతాయి. ఈ ఊళ్లో వానాకాలంలో పోయే మొక్కలు చాలావరకు ఎండకు కాదు, ఇంటివాళ్ల ఆప్యాయతకు పోతాయి. క్యాలెండర్ చూసి కాదు, కుండీ చూసి నీళ్లు పోయాలి. రెండు కణుపుల లోతున వేలు పెట్టి చూడండి, లేదా కుండీ ఎత్తి బరువు చూడండి.

రెండోది "ఆర్కిడ్ అంటేనే నాజూకు" అన్న మాట. వాండా టెసెలాటా అనే ఆర్కిడ్ ఛోటానాగ్‌పూర్ అడవుల్లోనూ మన తూర్పు కనుమల్లోనూ చెట్ల కొమ్మలను కరుచుకుని పెరుగుతుంది. దానికి ఎవరూ నీళ్లు పోయరు, ఎరువు వేయరు. వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి, వాన పడితే తాగుతాయి, వెలిస్తే ఆరిపోతాయి. మండు వేసవిని ఏటా దాటేస్తుంది. దాన్నే తెచ్చి మట్టిలో పాతి రోజూ తడిపితే కొద్ది వారాల్లో కుళ్లిపోతుంది. దుకాణాల్లో దొరికే ఫెలనాప్సిస్‌కూ ఇదే స్వభావం. దాని వేళ్లు ఆరినప్పుడు వెండి తెలుపులో, తడిసినప్పుడు ఆకుపచ్చగా కనిపిస్తాయి. దాహం వేసినప్పుడు ఇంత స్పష్టంగా చెప్పే మొక్క ఇంకొకటి లేదు. రాత్రులు చల్లబడితేనే అది పూల కాడ వేస్తుంది. ఆ చల్లదనం దీపావళి రోజుల్లో ఈ ఊళ్లో ఉచితంగా దొరుకుతుంది.

మూడోది కుండీ. కడియం నర్సరీల నుంచో కోల్‌కతా నుంచో వచ్చిన ఆంథూరియం చచ్చిపోతే పారేయకండి, కుండీలోంచి లాగి చూడండి. పైన రెండంగుళాలు కోకోపీట్ కనిపిస్తుంది. లోపల తరచుగా ఉండేది పిడికిలి కన్నా పెద్ద బంకమట్టి ముద్ద. దూరప్రయాణంలో వేరు కదలకుండా ఉండడానికి ఆ ముద్ద పనికొస్తుంది, ఇంట్లో మాత్రం అదే ఉరి. ఒక వేరును వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. గోధుమరంగు పొర తొడుగులా ఊడొచ్చి, లోపలి సన్నని దారం మిగులుతుంది. మురుగు వాసన కొడుతుంది. అది ఊపిరాడక చచ్చిన వేరు. ఆకు మీద మచ్చలు చూసి ఎండ ఎక్కువైందనుకున్నవాళ్లు ఈ వేరును చూడనే లేదు. కొత్త మొక్క ఇంటి వాతావరణానికి కాస్త అలవాటు పడ్డాక ఆ ముద్దను నీళ్లలో నానబెట్టి మెల్లగా కరిగించి, కోకోపీట్, బొగ్గు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు, కొంచెం వర్మీకంపోస్టు కలిపిన వదులు మిశ్రమంలోకి మార్చాలి.

ఇక్కడే ఒక పెద్దమనిషి సలహా అడ్డొస్తుంది: "అడుగున గులకరాళ్లు వేయండి, నీళ్లు దిగిపోతాయి." దిగవు. సన్నని మట్టిలోని నీరు పూర్తిగా నిండి పొర్లేదాకా కింది రాళ్లలోకి జారదు. గిన్నెలు తోమే స్పాంజిని తడిపి అడ్డంగా పట్టుకోండి. చుక్కలు ఆగిపోయాక నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. కుండీలోనూ అంతే. మట్టి ఎత్తు ఎక్కువైతే పైభాగం ఆరుతుంది, తక్కువైతే మొత్తం తడిగానే ఉంటుంది. రాళ్లు వేసి మట్టి ఎత్తు తగ్గించినవాళ్లు తడి మట్టిని వేళ్ల దగ్గరికి తెచ్చారన్నమాట. కుండీకి కావలసింది అడుగున చిల్లు, లోపల వదులు మట్టి.

నాలుగోది వెలుగు. "ఇండోర్ ప్లాంట్, ఎండ అక్కర్లేదు" అన్న చీటీని నమ్మి టీవీ పక్క మూలలో పెడతారు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు. కిటికీకి దూరంగా ఉన్న మూలలో చాలాసార్లు ఒకటి రెండు వందలకు మించదు. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి తేడా తెలియదు, ఆకు సర్దుకోలేదు. పగటిపూట తెల్లకాగితం మీద అడుగు ఎత్తున చెయ్యి పెట్టి చూడండి. అంచులు మసకగానైనా నీడ కనబడాలి. అసలు నీడే పడకపోతే ఆ మూలలో ప్లాస్టిక్ పూలు పెట్టుకోవడం మేలు. తూర్పు కిటికీ ఈ మొక్కలకు చక్కని చోటు, పడమటి ఎండ మాత్రం మేలో ఆకును కాల్చేస్తుంది.

ఐదోది, స్ప్రే సీసాతో ఆకుల మీద నీళ్లు చల్లితే తేమ పెరుగుతుందన్న నమ్మకం. పొడి గాలిలో ఆ తుంపర కొద్ది నిమిషాల్లో ఆవిరైపోతుంది. వానాకాలంలో ఆరకుండా నిలిచి బూజు తెగుళ్లకు దారి తీస్తుంది. వేసవిలో ఈ ఊరి ఇళ్లలో తిరిగే ఎయిర్ కూలర్ తేమ పెంచే పనిని నిజంగా చేస్తుంది. గాలి నేరుగా తగలకుండా కెలాతియాను అదే గదిలో ఓ పక్కన పెడితే చాలు. ఏసీ అందుకు విరుద్ధం, అది గాలిలోని తేమను పీల్చేస్తుంది.

చివరిది ఫ్యాక్టరీ దుమ్ము. ఇందులో రెండు వాదనలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఈ గాలిలో మొక్క బతకదని ఒకటి, నాలుగు మొక్కలు పెడితే ఈ గాలే శుభ్రమవుతుందని ఇంకొకటి. రెండో వాదన 1989 నాటి నాసా ప్రయోగం పేరు చెప్పుకుని తిరుగుతోంది. ఆ ప్రయోగం బిగించిన చిన్న పెట్టెల్లో జరిగింది. 2019లో ఇలాంటి ప్రయోగాలన్నిటినీ సమీక్షించిన అమెరికా పరిశోధకులు, మామూలు ఇంట్లో గాలి మారడం వల్ల కలిగే శుద్ధికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని లెక్క తేల్చారు. హాల్లో సోఫా తీసేసినా అన్ని పట్టవు.

మొదటి వాదనకు జవాబు దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే వచ్చింది. తూర్పు లండన్‌లో బొగ్గు పొగకు తన ఫెర్న్‌లు చనిపోతుంటే విసిగిన నథానియల్ వార్డ్ అనే వైద్యుడు, 1829 ప్రాంతంలో మూత బిగించిన సీసాలో ఫెర్న్ మొలకెత్తడం గమనించాడు. దాన్నుంచే గాజు పెట్టెల్లో మొక్కలు పెంచే పద్ధతి పుట్టింది. ఆ పెట్టెల్లోనే తేయాకు మొక్కలు చైనా నుంచి హిమాలయాలకు చేరాయి. టాటానగర్‌లోనూ బాగా సున్నితమైన ఫెర్న్‌కు పాత చేపల తొట్టి సరిపోతుంది. మిగతావాటికి వారానికోసారి తడిబట్టతో ఆకు తుడవడమే వైద్యం. మెరుపు కోసం నూనె, పాలు రాయడం మానాలి. ఆ జిడ్డుకు నల్లదుమ్ము అంటుకుని ఆకుకు అందే కాస్త వెలుగూ పోతుంది.

ఎదుటివారి మాటలో నిజం లేకపోలేదు. జనవరి రాత్రులు బాల్కనీలో వదిలేస్తే అగ్లోనిమా, ఆంథూరియం ఆకులు చలికి నల్లబడతాయి, వాటిని లోపలికి తేవాల్సిందే. వేసవి సెలవులకు నెల రోజులు విజయనగరమో శ్రీకాకుళమో వెళ్లే ఇంటికి కెలాతియా సరిపడదు. అలాంటివాళ్లు మనీప్లాంట్ పెంచుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అయితే అది ఇంటి తీరిక సంగతి, ఊరి తప్పు కాదు.

ఏటా చలికాలంలో గోపాల్ మైదాన్‌లో ఫ్లవర్ షో జరుగుతుంది. ఈసారి అక్కడ మొక్క కొనేవాళ్లు ధర అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి: వేళ్ల చుట్టూ ఏ మట్టి ఉంది, ఎంత వెలుగులో పెంచారు, ఎంత చలి తట్టుకుంటుంది? జవాబు చెప్పలేనివాడి దగ్గర మొక్క ఎంత అందంగా ఉన్నా డబ్బులు తియ్యకండి. మనం అడగనంత కాలం "ఇండోర్ ప్లాంట్" అన్న ఒక్క చీటీతో అన్ని మొక్కలూ అమ్ముడుపోతూనే ఉంటాయి.