మూర్తిమత్వానికి కొలబద్ద ఉందా?

లోకంలో ఏ ఇద్దరి స్వభావాలూ ఒక్కటి కావు. అయినా మనుషులను కొన్ని రకాలుగా విభజించి చూడాలనే కుతూహలం అతి ప్రాచీనమైనది. భగవద్గీత సత్త్వరజస్తమో గుణాలను వివరించింది. ఆయుర్వేదం వాత, పిత్త, కఫాలను బట్టి మానవ ప్రకృతులను నిర్ణయించింది. 1921లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ తన గ్రంథంలో అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజనను వివరించాడు. అమెరికాకు చెందిన కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ ఆ భావనల ఆధారంగా పదహారు రకాల మూర్తిమత్వాలను సూచించే ప్రశ్నావళిని రూపొందించారు.

విశాఖ తీరంలోని రుషికొండకు మనోవిజ్ఞాన శాస్త్రంతో అనుబంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932-2021) తరువాతి కాలంలో రుషికొండలోని గీతం విశ్వవిద్యాలయానికి కులపతిగా వ్యవహరించారు. మనసును అర్థం చేసుకోవడానికి పాశ్చాత్య పద్ధతులు మాత్రమే చాలవనీ, భారతీయ చింతన నుండి గ్రహించవలసింది ఎంతో ఉందనీ ఆయన ప్రతిపాదించారు.

నేడు ఉద్యోగార్థులైన యువతీయువకులకు ఇటువంటి ప్రశ్నావళులు తరచుగా ఎదురవుతున్నాయి. పది నిమిషాలలో గుర్తులు పెట్టి, "నేను అంతర్ముఖుణ్ణి, నాయకత్వానికి తగను" అని తీర్మానించుకొనేవారూ ఉన్నారు. ఇది సమంజసం కాదు. పదహారు రకాల ప్రశ్నావళిని కొన్ని వారాల తరువాత మరల పూరించినప్పుడు పలువురికి వేరొక రకం వస్తున్నది. దానిని ఉద్యోగ నియామకాలకు వాడరాదని ప్రచురణకర్తలే చెబుతున్నారు. అధిక సంఖ్యాకులు రెండు కొసలకూ నడుమనే ఉంటారు. అందువలన ఆధునిక పరిశోధకులు మనుషులను గదులలో బంధించక, ఐదు ప్రధాన లక్షణాలు ఎవరిలో ఎంత మోతాదులో ఉన్నాయో పరిశీలిస్తున్నారు. ప్రశాంతమైన ఒక్కనాటి అలలను చూసి రుషికొండ సముద్రాన్ని అంచనా వేసినవారికి 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను ఊహకైనా అందదు.

అట్లని పరీక్షలన్నీ వ్యర్థమనడం కూడా తొందరపాటే. మన సాయుధ దళాల అధికారుల ఎంపిక సుమారు ఐదు రోజులు సాగుతుంది. చిత్రాన్ని చూసి కథ రాయడం, బృందంతో కలసి అడ్డంకులు దాటడం, ముఖాముఖి సంభాషణ అందులో భాగాలు. మనోవిజ్ఞాన నిపుణుడు, బృంద పరీక్షాధికారి, సంభాషణాధికారి వేర్వేరుగా పరిశీలించి, చివరకు కలసి నిర్ణయిస్తారు. అది కూడా ఒక ఉద్యోగానికి సంబంధించిన నిర్ణయమే తప్ప జీవితంపై తీర్పు కాదు. డెహ్రాడూన్‌లో వైమానిక దళ ఎంపికకు హాజరైన ఇరవై ఐదు మందిలో అబ్దుల్ కలాం తొమ్మిదవ స్థానంలో నిలిచారు. ఎంపికైనవారు ఎనిమిది మందే. ఆయనే 2002లో రాష్ట్రపతియై, త్రివిధ దళాలకు సర్వసేనాధిపతి అయ్యారు.

కనుక విద్యార్థులు ఇటువంటి పరీక్షా ఫలితాన్ని అద్దంలా చూడాలే గాని, తలరాతగా భావించరాదు. అద్దం నేటి రూపాన్ని చూపుతుంది. రేపటి రూపాన్ని తీర్చిదిద్దేవి మన అభ్యాసం, మన సంకల్పమే.