61 రోజులు చాలవు – వల కన్ను మారాలి



మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఇది మంచిదే. కానీ 62వ రోజున సన్నకన్ను ట్రాలు వలే మళ్లీ దిగితే ఫలితమేముంది?

రొయ్యల కోసం లాగే వలలో చేపపిల్లలు, పీతలు, ఒక్కోసారి ఆలివ్ రిడ్లే తాబేళ్లు కూడా పడతాయి. పిల్లచేపలు చేపలపొడి మిల్లులకు కారుచౌకగా పోతాయి. నడిసముద్రంలో పారబోసినవి రేవు లెక్కల్లోకే రావు. పెరిగితే పదిమందికి కూరయ్యే చేప, గుడ్డు పెట్టకుండానే పోతోంది.

కేరళ 2015లో 14 రకాలకు, తర్వాత 58 రకాలకు పట్టదగిన కనీస సైజు నిర్ణయించింది. మన దగ్గరా అలాంటి నిబంధన, పిల్లచేప జారిపోయే చదరపు కన్ను వల తప్పనిసరి కావాలని మేము కోరుతున్నాం. అయితే కన్ను పెద్దదైతే మొదట్లో వేట తగ్గుతుంది. ఆ నష్టం వాటా మీద బతికే కళాసీపై పడకూడదు. కొత్త వలకు సబ్సిడీ, ఆ కాలానికి భృతి ఇవ్వాలి.

పరిశోధన ఇంగ్లీషు రిపోర్టుల్లోనే ఉంటే రేవుకు ఒరిగేదేమీ లేదు. దాన్ని మన అమ్మానాన్నల భాషలో చెప్పడం, మొదటి తరం చదువరులమైన మనందరి బాధ్యత.