కుంగిన మనసుకు కెమెరా తోడు

డిప్రెషన్‌తో బాధపడేవారికి మన ఇళ్లలో తేలిగ్గా దొరికే సలహా ‘అలా బయట తిరిగి రా’. మంచం మీంచి లేచి ముఖం కడుక్కోవడమే కొండెక్కినంత పనైన మనిషికి ఆ మాట ఎంత బరువో చెప్పేవాళ్లకు తెలియదు. పైగా రోడ్డు వెంట ఊరికే నడిస్తే మనసు పాత తప్పుల్నీ, పాత మాటల్నీ దారి పొడవునా తవ్వుతూనే ఉంటుంది. ప్రకృతి ఫొటోగ్రఫీ అక్కరకొచ్చేది ఇక్కడే. చేతికి ఓ పని, కంటికి ఓ గురి దొరుకుతాయి.

వానాకాలంలో బావి మీదికి వంగిన ఈతచెట్టు దగ్గర ఆగి చూడండి. మగ గిజిగాడు గడ్డిపోచ తెచ్చి, ముక్కుతో గుచ్చి, లాగి, ముడేస్తుంది. గూడు సగమయ్యాక దానికి వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మగపిట్ట మిగతా సగం అల్లుతుంది. లేదంటే చాలాసార్లు ఆ గూడు అలాగే మొండిగా మిగిలిపోతుంది. ఆ రెక్కల కదలిక ఫొటోలో పడాలంటే వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకోవాలి, పిట్ట మళ్లీ వచ్చేదాకా కదలకుండా కాచుకోవాలి. ఆ కాసేపైనా తనను తాను తిట్టుకునే తీరిక మనసుకు ఉండదు. గూడుకు మరీ దగ్గరగా పోకూడదు, పిట్టలు బెదురుతాయి.

2015లో స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం చేసిన అధ్యయనంలో, చెట్టూచేమల మధ్య 90 నిమిషాలు నడిచినవారిలో తమ గురించే చెడుగా పదేపదే తవ్వుకునే ఆలోచనలు తగ్గాయి. రద్దీ రోడ్డు పక్కన నడిచినవారిలో తగ్గలేదు. కాకపోతే వాళ్లంతా ఆరోగ్యవంతులు, కాబట్టి దాన్ని వైద్యమనలేం. మనస్తత్వ పరిశోధకురాలు లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన మ్యూజియం ప్రయోగం నాకు మరింత విలువైనదిగా తోస్తుంది. వస్తువులను ఫొటో తీసినవారికి అవి తక్కువగా గుర్తున్నాయి. ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు. మేలు చేసేది ఫొటో తీసేముందు నిలిచి చూసిన చూపేనని దీన్నిబట్టి నేను నమ్ముతున్నాను. అందుకే లక్షల లెన్సులు, లైకుల లెక్కలు కుంగినవారి దగ్గరికి రానివ్వకూడదు. నలుగురితో పోల్చుకోవడం మొదలైతే మందే జబ్బవుతుంది. సెల్‌ఫోన్ చాలు.

ఇది డాక్టరుకు ప్రత్యామ్నాయం కాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్సే అందలేదు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే కెమెరా పక్కనపెట్టి ముందు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ప్రభుత్వాలు చేయాల్సిన పని ఉంది. ఒంట్లో సత్తువ లేనివారు పులికాట్ సరస్సు దాకా వెళ్లలేరు. వారికి కావలసింది ఇంటికి పది నిమిషాల్లో చేరే చెరువు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు గూళ్లు కడతాయి. హైదరాబాద్ అంచున అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఇలాంటివాటిని కాపాడే ఖర్చును సుందరీకరణ పద్దులో రాయడం మానాలి. గట్టంతా సిమెంటు, రాత్రంతా రంగు దీపాలు పెడితే పిట్టలు ఉండవు. తుమ్మలు, తుంగ, కాస్త బురద, కూర్చోవడానికి నీడ ఉంచి, ఆ ఖర్చును ప్రజారోగ్యం కింద చూపాలి.